అడవిలో కనిపించిందే సాక్ష్యమైతే...

1692 మార్చి 1. అమెరికాలోని సేలం గ్రామంలో ప్రార్థనా మందిరం కిక్కిరిసిపోయింది. ఊళ్లో కొందరు పిల్లల్ని పీడిస్తున్న మంత్రగత్తె అన్న అనుమానంతో సారా గుడ్ అనే నిరుపేద స్త్రీని తెచ్చి నిలబెట్టారు. మేజిస్ట్రేట్ జాన్ హాథార్న్ విచారణ మొదలుపెట్టాడు. ఏ దుష్టశక్తితో నీకు పొత్తు ఉందని అడిగాడు. ఏదీ లేదంది. సైతానుతో ఒప్పందం చేసుకోలేదా? లేదంది. మరి ఈ పిల్లల్ని ఎందుకు హింసిస్తున్నావు? హింసించడం లేదంది.

ఆనాటి విచారణ రాతప్రతి నేటికీ ఉంది. అందులో 'లేదు' అన్న జవాబుకు విలువే లేదు. నేరం ముందే ఖాయమైంది, ఒప్పుకోలు ఒక్కటే మిగిలింది. అంతకన్నా కలుక్కుమనిపించేది ఆమె భర్త మాట. ఆమె మంత్రగత్తె అయినా అయ్యుంటుంది, లేదా త్వరలోనే అవుతుంది, అదే తన భయం అన్నాడు విలియం గుడ్. నువ్వేమైనా చూశావా అని అడిగితే చూడలేదన్నాడు. తనతో ఆమె నడవడిక బాగాలేదని మాత్రం చెప్పాడు. కట్టుకున్నవాడే అలా అన్నాక ఊరికి ఇంకేం కావాలి? జులై 19న ఆమెను ఉరి తీశారు. నాలుగైదేళ్ల కూతుర్ని కూడా అదే ఆరోపణపై నెలల తరబడి జైల్లో ఉంచారు.

ఆ మేజిస్ట్రేటు మునిమనవడి కొడుకే రచయిత నథానియల్ హాథార్న్. 1804లో సేలంలోనే పుట్టాడు. 1835లో అచ్చయిన ఆయన కథ 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్'లో కొత్తగా పెళ్లయిన యువకుడు భార్య ఫెయిత్ వద్దంటున్నా రాత్రిపూట అడవికి వెళతాడు. తనకు మతపాఠాలు నేర్పిన ముసలమ్మ, చర్చి పెద్దలు, పాస్టరు, చివరికి ఫెయిత్ కూడా సైతాను సభలో కనిపిస్తారు. అది కలో నిజమో రచయిత తేల్చడు. బ్రౌన్ మాత్రం తేల్చేసుకుంటాడు. భార్యతో సహా ఊళ్లో ఎవరినీ నమ్మకుండా బతికి, అలాగే పోతాడు.

దీన్ని దేవుడిపై నమ్మకం పోయిన మనిషి కథగా చదవడం మామూలే. అది సగమే. బ్రౌన్‌కు సైతాను మీద నమ్మకం చెక్కుచెదరలేదు, పోయింది మనుషుల మీద. సేలంలో నిందితుల 'ఆత్మరూపం' వచ్చి పీడించిందంటే కోర్టు సాక్ష్యంగా తీసుకుంది. అడవిలో కనిపించిన రూపాల్ని బట్టి బ్రౌన్ ఊరందరికీ వేసిన శిక్ష కూడా అలాంటిదే. ఈ పోలికను విమర్శకుడు డేవిడ్ లెవిన్ 1962లోనే విప్పి చెప్పాడు. దానికి విలియం గుడ్ వాంగ్మూలాన్ని కూడా చేర్చి చదవాలి. చూడకుండానే భార్యను అనుమానించిన ఆ భర్త, చూశాననుకుని అనుమానించిన ఈ భర్త పక్కపక్కనే నిలబడతారు. పైగా కథలోని ముసలమ్మ గుడీ క్లోయిస్ పేరు 1692 నాటి నిందితురాలు సారా క్లోయిస్‌ది. ఆమె బతికి బయటపడింది. ఆమె అక్కలు రెబెకా నర్స్, మేరీ ఈస్టీలను ఉరి తీశారు. తన పూర్వీకుడి కాలంలో అన్యాయంగా నిందపడ్డ పేర్లనే హాథార్న్ సైతాను సభలో కూర్చోబెట్టాడు. బ్రౌన్ చూపును నమ్మిన పాఠకుడు కూడా తెలియకుండానే మేజిస్ట్రేటు కుర్చీలో కూర్చుంటాడు. ఎంతో పేరున్న ఆయన నవల 'ద స్కార్లెట్ లెటర్' కన్నా ఈ చిన్న కథే పదునుగా కోయడానికి కారణం అదే.

ఇక నేపథ్యం. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవులు సేలం దగ్గర్లోనే 1630లో బోస్టన్ స్థాపించారు. ఒకరి పాపం ఊరందరికీ దైవాగ్రహం తెస్తుందని నమ్మారు కనుక ఇంటి గుట్టు కూడా ఊరి వ్యవహారమైంది. సరిహద్దు యుద్ధాల భయం తోడైంది. 1692 సేలం విచారణల్లో 19 మందిని ఉరి తీశారు, జైల్స్ కోరీ అనే నిందితుణ్ని బండరాళ్లతో అణచి చంపారు. అక్టోబరులో గవర్నరు ఈ కేసులు విచారించిన కోర్టును రద్దు చేశాడు.

మరికొన్ని సంగతులు

• న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ సీవల్ 1697 జనవరిలో తన తప్పు ఒప్పుకుంటూ రాసిన పత్రాన్ని బోస్టన్ చర్చిలో పాస్టరు చదువుతుంటే, అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

• సేలం రికార్డులు చదివి ఆర్థర్ మిల్లర్ రాసిన 'ద క్రూసిబుల్' నాటకం 1953లో న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది. కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులవి. 1956లో మిల్లర్‌నే అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిపించింది. ఇతరుల పేర్లు చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు.

• దోషిగా తేలినా ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్ జూనియర్‌పై ఆ మచ్చను మసాచుసెట్స్ రాష్ట్రం 2022లో తొలగించింది. అందుకోసం పట్టుబట్టింది నార్త్ ఆండోవర్‌లోని ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచరు.