కూర్చున్నవారు లేవలేకపోయినచో

హైదరాబాదులోని మలక్‌పేటలో నల్గొండ చౌరస్తా కలదు. దానికి పేరిచ్చిన నల్గొండ ప్రాంతమున ఫ్లోరైడు నీటివలన పలువురి ఎముకలు వంగిపోయిన సంగతి అందరెరిగినదే. ఆ బాధలో కంఠమందలి చిన్న గ్రంథులకును పాలున్నదని కొందరికే తెలియును.

థైరాయిడు గ్రంథి వెనుక సాధారణముగా నాలుగు పారాథైరాయిడు గ్రంథులుండును. రక్తములోని కాల్షియమును అదుపులో నుంచుట వాని పని. ఇవి మితిమీరి పనిచేసినచో ఎముకలలోని కాల్షియము రక్తములోనికి పోవును. ఎముకలు గుల్లబారును, తొడల, భుజముల కండరములు బలహీనపడి క్రమముగా క్షీణింపవచ్చును. అట్టివారు పీటమీదనుండి లేవలేరు, మెట్లెక్కలేరు, నీళ్లబిందె ఎత్తలేరు. కూలికి దూరమై, స్నానమునకు సైతము ఇంటివారిపై ఆధారపడవలసి వచ్చును. చూచువారు దీనిని వార్ధక్యమనియో, సోమరితనమనియో భ్రమింతురు.

గ్రంథిలో కణితి, మూత్రపిండముల వ్యాధి, విటమిన్ డి లోపము ఇందుకు ముఖ్యకారణములు. ఫ్లోరైడు గ్రామములలో ఆహారమున కాల్షియము కొరవడినపుడు కూడ ఈ గ్రంథులు విజృంభించును. మోకాళ్లు లోనికి వంగిన అచటి యువకులను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిరి. అట్టివారి రక్తములో ఈ గ్రంథుల హార్మోనును వారు 1976లో పరిశీలించిరి.

రక్తపరీక్షతో వ్యాధి బయటపడును. కణితిని శస్త్రచికిత్సతో తొలగించినచో పెక్కుమందికి బలము తిరిగి చేకూరును. కాని వంగిన ఎముకను సరిచేయుట కష్టము. కనుక ముందు జాగ్రత్తయే మేలు.

సభ్యులారా! లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించకుండ పరీక్ష చేయించుడు. నేలపైనుండి చేయూత లేక లేవలేనివారిని గుర్తించి, జాగు చేయక ఆసుపత్రికి పంపుడు.