తీర పటంలో పల్లె జాడ ఉండాలి
ముసాయిదా దశలోనే ప్రజలు స్పందించడం అవసరం

అమరావతి (పల్నాడు జిల్లా): అమరేశ్వరాలయం చెంత పారే కృష్ణమ్మ దివిసీమలో సాగరాన్ని చేరుతుంది. పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఉమ్మడి గుంటూరు జిల్లాలోని తీరమంతా బాపట్ల జిల్లాలో చేరింది. అయినప్పటికీ తీరం భవితవ్యంతో ఈ ప్రాంతానికి విడదీయరాని బంధం ఉంది.

ఆ బంధం పేరు ఒండ్రు. నది మోసుకొచ్చే ఒండ్రుతోనే డెల్టా ఏర్పడింది. ఆ నేల సహజంగా కుంగుతుంటే కొత్త ఒండ్రు ఆ లోటును పూడుస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోతుండడంతో దిగువకు చేరేది బాగా తగ్గింది. మరోవైపు భూతాపం వల్ల సముద్రమట్టం పెరుగుతోంది. ఫలితంగా తీరం కోతకు గురవడం, పొలాల్లోకి ఉప్పునీరు చొరబడడం వంటి ముప్పులు పొంచి ఉన్నాయి. వరదల ఉద్ధృతి సరేసరి. ప్రకాశం బ్యారేజీకి 2009 అక్టోబరులో సుమారు 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్రం 2011లోనూ, తిరిగి 2019లోనూ తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలు జారీ చేసింది. వీటి ప్రకారం తీర నిర్వహణ ప్రణాళిక ముసాయిదాకు విస్తృత ప్రచారం కల్పించి, సూచనలు, అభ్యంతరాలు స్వీకరించాలి. జిల్లా స్థాయిలో బహిరంగ విచారణ జరపాలి. మత్స్యకార గ్రామాలు, చేపలు ఎండబెట్టే స్థలాలు, ఉమ్మడి ఆస్తులను స్థానిక పటాల్లో గుర్తించాలి. పటంలో చోటు దక్కని స్థలం రేపు ఖాళీ భూమిగా పరిగణనలోకి వస్తే, తరతరాలుగా దానిపై ఆధారపడిన కుటుంబాలు తమ హక్కును నిరూపించుకోవడానికి నానా అవస్థలు పడాల్సి వస్తుంది.

మడ అడవుల పాఠం

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొంది. అలల తాకిడిని తగ్గించే మడ అడవుల విలువను తీరవాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో గ్రామస్థుల భాగస్వామ్యంతో వీటి పునరుద్ధరణ చేపట్టాయి. పాడైన నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోటుల నీరు వచ్చిపోయే ఏర్పాటు చేసి మొక్కలు నాటారు. పోటు నీరు ఏ దారిన వస్తుందో, ఎక్కడ నిలుస్తుందో నిత్యం ఆ నీటిలో తిరిగే వారికే బాగా తెలుసు.

ప్రజలు చేయాల్సింది

ముసాయిదా పటాన్ని గ్రామసభలో పరిశీలించాలి. పడవలు నిలిపే రేవు, వలలు ఆరబెట్టే చోటు, మురుగుకాలువ, తుపాను షెల్టరుకు వెళ్లే దారి అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేనివాటిని గడువులోగా లిఖితపూర్వకంగా తెలియజేసి, రసీదు భద్రపరచుకోవాలి. పటాలను, వివరాలను తెలుగులో అందుబాటులో ఉంచి, వేట సమయాలకు అడ్డురాకుండా విచారణ తేదీని నిర్ణయిస్తేనే ఈ ప్రక్రియకు సార్థకత చేకూరుతుంది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు, నీటి విడుదలపై తీసుకునే నిర్ణయాల్లోనూ దిగువ పల్లెల గోడు వినిపించాలి. ప్రణాళిక ఖరారయ్యాక చేసే ఆందోళన కన్నా, ముసాయిదా దశలో ఇచ్చే ఒక్క అర్జీయే మేలు.