నీళ్లలో మునిగి చచ్చే చేప



ఆమధ్య తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైతు నన్ను ఆపి అడిగారు: "ఏమండీ, సంతకు తీసుకుపోదామని రాత్రి కొరమేనుల్ని డ్రమ్ములో వేశాను. ఎగిరిపోకుండా అంచుదాకా నీళ్లు పోసి మూత బిగించాను. తెల్లారేసరికి సగం చచ్చాయి. నీళ్లలో వున్న చేప చావడమేమిటండీ?"

చావదూ మరి! దాని మొప్ప మూత ఎత్తి చూడండి. మొప్పలకు పైన, తలకు రెండు ప్రక్కలా ఒక్కొక్క గది వుంటుంది. ఆ గది లోపలిపొర నిండా సన్నని రక్తనాళాలు. చేప పైకి వచ్చి నోటితో గాలి మింగి ఆ గదుల్లో నింపుకుంటుంది. ప్రాణవాయువు అక్కడినుంచి నెత్తురులో కలుస్తుంది. మొప్పలున్నా అవి ఒక్కటే దానికి చాలవు. పైకి రానివ్వకపోతే ఊపిరాడక చస్తుంది. మార్పు, ఇంగిలాయి కూడా గాలి పీల్చేవే గాని వాటి ఏర్పాటు వేరు. 1938లో దక్షిణాఫ్రికా తీరాన దొరికిన సీలకాంత్ అనే లోతు సముద్రపు చేపకు ఊపిరితిత్తి వున్నా, అది కుంచించుకుపోయి పనికిరాకుండా వుంది. అంత లోతున దానికి గాలితో పనేమిటి?

మన కొల్లేరు అట్లా కాదు, లోతులేని సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతే, ఎండాకాలానికి అంచులు బురద తేలుతాయి. నాచు కుళ్లిన నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. బొచ్చె, శీలావతి తేలిపోయే నీటిలో కూడా కొరమేను బ్రతుకుతుంది. చివరకు తడిబురదలో దాగి వానకోసం కాచుకుంటుంది.

వానలు పడగానే అంచున గడ్డిమధ్య కాస్త చోటు శుభ్రంచేసి గుడ్లు పెడుతుంది. అవి నీటిపైన తేలుతాయి. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లీ తండ్రీ క్రిందనే కాపలా. ఆ గుంపును చూచి గాలం వేస్తే పెద్దచేప సులువుగా చిక్కుతుంది, నిజమే. కాని కాపలా పోయిన పిల్లలు తక్కిన చేపల పాలు. దయచేసి ఆ నెలల్లో ఆ గుంపుల జోలికి పోకండి.

చేపల చెరువుల గట్లు లేచిన చోట ఈ గడ్డి అంచులే ముందు పోయాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఎన్నో గట్లు కొట్టేశారు. గట్టు ఒక్కరోజులో పోతుంది గాని, గడ్డి ఒక్కరోజులో రాదు గదా.

ఇక చెరువులో కొరమేను పెంచేవారు గుర్రపుడెక్కను నీరంతా కమ్మనివ్వకండి. సంతకు తీసుకుపోయేటప్పుడు డ్రమ్ములో సగానికే నీళ్లు పోయండి. పైన మూతకు బదులు వల కట్టండి.