తలక్రిందులైన గొలుసు

ప్రపంచ పటం ముందు పెట్టుకొని మూడు ఊళ్లు వెతికి పట్టుకోండి. ఒకటి ఇరాక్ దేశంలోని బాగ్దాదు. రెండవది స్పెయిన్‌లోని బార్సిలోనా. మూడవది అమెరికాలోని సెయింట్ లూయిస్. ఈ మూడు చోట్ల మూడు వింత కట్టడాలున్నాయి. మొదటిది ఇటుకలతో కట్టినది, రెండవది రాతితో, మూడవది ఉక్కుతో. మొదటిది చాలా పాతబడి సగం కూలిపోయింది. రెండవది మొదలుపెట్టి నూట నలభై ఏళ్లు దాటినా ఇంకా కడుతూనే ఉన్నారు. వీటిని చూసినవాళ్లు, “ఇంత వింత ఆకారం ఎందుకు? కట్టినవాళ్ల సరదా కాబోలు!” అనుకుంటారు.

సరదా కాదు. ఈ మూడింటికీ పాఠం చెప్పిన గురువు ఒక్కడే. ఆ గురువు మీ ఇంట్లో కూడా ఉన్నాడు. మెడలో వేసుకొనే మామూలు గొలుసే ఆ గురువు!

సుద్దముక్క పరీక్ష

ముందు ఒక సుద్దముక్క తీసుకోండి. దాని రెండు కొసలను రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. అది ఓర్చుకొంటుంది. ఇప్పుడు రెండు కొసలూ వేళ్లతో పట్టుకొని వంచండి. పుటుక్కున విరిగిపోతుంది. ఎందువల్ల? వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుపోతుంది, వెలుపలి వైపు సాగదీయబడుతుంది. సుద్ద నొక్కుడును భరిస్తుంది గాని లాగుడును భరించలేదు.

రాయి, ఇటుక కూడా ఇంతే. మన పాత దేవాలయాల రాతి మండపాలలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదూ? రెండు స్తంభాల మీద పొడవైన రాతి దూలం పరిస్తే, దాని బరువుకు అదే వంగి, అడుగున బీట పడుతుంది.

మరి రాతితో, ఇటుకతో వెడల్పైన ఖాళీని దాటడం ఎలా? దానికే కమాను కనిపెట్టారు. చార్మినారుకు నాలుగు వైపులా ఉన్నవి కమానులే. కమానులో ఒక్కొక్క రాయి ప్రక్క రాయిని నొక్కుతూ, బరువును నేలదాకా చేరవేస్తుంది. అయితే ఒక చిక్కున్నది. కమాను ఏ వంపులో ఉండాలి? వంపు తప్పితే ఎక్కడో ఒకచోట రాళ్ల సందు తెరుచుకుంటుంది. గోడలు బాగా మందంగా ఉంటే తప్ప అది నిలువదు.

హుక్ దాచిన జవాబు

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్. స్ప్రింగును గురించిన హుక్ నియమం మీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది, ఆయనే. 1675లో తన జవాబును ఒక పుస్తకం చివర అచ్చువేయించాడు. కాని ఎవరూ కాజేయకుండా, ఆ వాక్యంలోని అక్షరాలన్నిటినీ కలగాపులగం చేసి పెట్టాడు! ఆయన 1703లో మరణించాడు. అసలు వాక్యం 1705లో గాని లోకానికి తెలియలేదు.

దాని సారాంశం ఇది. గొలుసును రెండు కొసలా పట్టుకొని వ్రేలాడదీస్తే ఏ వంపు వస్తుందో, దాన్ని తలక్రిందులు చేస్తే అదే కమానుకు సరియైన వంపు.

ఎందుకని? వ్రేలాడే గొలుసులో ప్రతి లంకె ప్రక్క లంకెను లాగుతుంది. గొలుసు నొక్కుడును భరించలేదు కాబట్టి, లాగుడు తప్ప మరేమీ లేని వంపును తానే వెతుక్కుంటుంది. ఆ వంపును తిరగవేస్తే ప్రతి లాగుడూ నొక్కుడుగా మారిపోతుంది. రాయికి కావలసింది అదే కదా!

ఈ వంపును కేటినరీ అంటారు. గొలుసు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి వచ్చిన పేరిది. దీని సమీకరణాన్ని 1691లో లైబ్నిట్జ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ కనుగొన్నారు.

సమీకరణం లేని తాపీవాళ్లు

అయితే బాగ్దాదుకు దక్షిణాన, టెసిఫాన్ అనే పురాతన నగరంలో, హుక్ పుట్టడానికి వెయ్యేళ్ల ముందే తాపీవాళ్లు ఇంచుమించు ఈ వంపునే పట్టుకొన్నారు. దాని పేరు తాక్ కస్రా. పర్షియాను ఏలిన ససానీయ రాజుల కొలువుకూటం అది. కట్టి సుమారు 1500 సంవత్సరాలైందంటారు, ఇంకా పాతదనేవాళ్లూ ఉన్నారు. కమాను వెడల్పు సుమారు 26 మీటర్లు, ఎత్తు సుమారు 37 మీటర్లు. అంతా ఇటుకే. 1888లో టైగ్రిస్ నది వరదకు భవనంలో చాలా భాగం కూలిపోయింది. కమాను మాత్రం నిలిచింది. తాపీవాళ్ల చేతికి తెలిసిన సంగతి, లెక్కకు అందడానికి అన్ని శతాబ్దాలు పట్టిందన్నమాట.

దారాలతో కట్టిన గుడి

ఇప్పుడు బార్సిలోనా వెళ్దాం. ఆంటోనీ గౌడీ అనే వాస్తుశిల్పికి 1898లో ఆ ఊరికి దగ్గరలోని ఒక మిల్లు కార్మికుల కాలనీలో చర్చి కట్టే పని అప్పగించారు. ఆయన గోడలు లేపలేదు. పైకప్పు నుంచి దారాలు వ్రేలాడదీశాడు! ఒక దారానికి ఇంకొక దారం ముడివేసి, రాళ్ల బరువుకు బదులుగా సీసపు గుండ్లు నింపిన చిన్న చిన్న సంచులు కట్టాడు. ఒక సంచి కదిపితే వల మొత్తం సర్దుకొని కొత్త ఆకారం తీసుకొనేది. లెక్క కట్టే పనిని గురుత్వాకర్షణే చేసిపెట్టేది. చివరకు దాన్ని ఫోటో తీసి, ఫోటోను తలక్రిందులుగా త్రిప్పితే చర్చి కనబడేది. దీనికే పదేళ్లు పట్టింది. 1908లో పని మొదలైంది గాని, డబ్బు అందక కొన్నేళ్లకే ఆగిపోయింది. కట్టగలిగింది క్రింది భాగం మాత్రమే.

ఆ పాఠం వృథా కాలేదు. 1882లో మొదలై, మరుసటి ఏడు గౌడీ చేతికి వచ్చిన సగ్రదా ఫమీలియా అనే పెద్ద చర్చిలో అది పనికివచ్చింది. అక్కడి స్తంభాలు ప్రక్కకు వాలి, పైకి పోయేకొద్దీ చెట్లలాగ కొమ్మలు వేస్తాయి. వింత కోసం కాదు, బరువు దిగివచ్చే దారిలోనే స్తంభాన్ని నిలబెట్టాడు.

1926లో ట్రాము గుద్దుకొని గౌడీ మరణించాడు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆయన కార్యశాలకు నిప్పుపెట్టారు. చిత్రపటాలు కాలిపోయాయి, సున్నపు నమూనాలు ముక్కలయ్యాయి. తరువాతివాళ్లు ఆ ముక్కలను ఏరి, అతికించి, వాటి ఆధారంగానే కట్టడం సాగించారు.

నీళ్లు చల్లితే అతికిన కమాను

సెయింట్ లూయిస్‌లోని గేట్‌వే ఆర్చి ఎత్తు 192 మీటర్లు, వెడల్పు కూడా అంతే. దీన్ని రూపొందించిన ఈరో సారినెన్ 1961లోనే మరణించాడు. ఈ ఆర్చి పాదాల దగ్గర లావుగా, పైన సన్నగా ఉంటుంది. కాబట్టి మామూలు గొలుసు వంపు దీనికి సరిపోదు. కొసల దగ్గర బరువైన లంకెలు, నడుమ తేలికైన లంకెలు ఉన్న గొలుసు వంపు కావాలి.

రెండు కాళ్లనూ విడివిడిగా లేపుతూ పోయారు. చివరి ముక్క పడేదాకా అది కమాను కాదు, ఒకదానివైపు ఒకటి వంగిన రెండు స్తంభాలే. పాదం దగ్గర అర మిల్లీమీటరు తేడా వచ్చినా పైన రెండూ కలవవు. 1965 అక్టోబరు 28న చివరి ముక్క ఎక్కించాలి. ఎండకు దక్షిణపు కాలు వేడెక్కింది. వేడికి ఉక్కు వ్యాకోచిస్తుందని మీకు తెలుసు. అప్పుడు అగ్నిమాపక దళంవాళ్లు గొట్టాలతో ఆ కాలిమీద నీళ్లు చిమ్మి చల్లబరిచారు. ముక్క సరిగా కూర్చుంది!

మీరే చేసి చూడండి

గోడకు కాగితం అతికించి, దాని ముందు సన్నని గొలుసు వ్రేలాడదీయండి. పెన్సిలుతో ఆ వంపు గీసి కాగితం త్రిప్పండి. తరువాత గొలుసు నడుమ చిన్న బరువు కట్టి మళ్లీ గీయండి. ఈసారి మొనతేలిన కమాను వస్తుంది.

ఇంకొకటి. చిక్కని గంజిలో ముంచిన గుడ్డను నాలుగు మూలలా కట్టి, గాలికి ఆరనివ్వండి. బిగుసుకొన్నాక తిరగవేసి నిలబెట్టండి. చిన్న గుమ్మటం తయారు! స్విట్జర్లాండ్ ఇంజనీరు హైన్జ్ ఇస్లర్ చలికాలంలో తడిగుడ్డలను ఇలాగే ఆరుబయట కట్టి గడ్డకట్టించేవాడు. ఆ ఆకారాలను చూసి జానెడు మందం కూడా లేని కాంక్రీటు కప్పులు కట్టాడు.

ఆఖరున ఒక చిన్న పరీక్ష. గొలుసు కొసలను మీరిద్దరు స్నేహితులు చెరొకటి పట్టుకోండి. అది మీ చేతులను లోపలికి లాగుతుంది. మరి తలక్రిందులైన కమాను తన పాదాలను ఎటు నెడుతుంది? ఆలోచించండి. జవాబు దొరికితే, కమాను ప్రక్కన అంత మందపు గోడలు ఎందుకు పెడతారో మీకు తెలిసిపోతుంది. ఇకమీదట ఏ వింత కట్టడం కనిపించినా “ఎంత బాగుందో!” అని ఊరుకోకండి. “ఇందులో బరువు ఏ దారిన నేలకు దిగుతున్నది?” అని కూడా అడగండి. అప్పుడు దాని అందం మరికొంచెం ఎక్కువగా కనబడుతుంది.