నోస్ ఆర్ట్
నోస్ ఆర్ట్ అనగా యుద్ధవిమానపు ముందుభాగం, అనగా ముక్కుపై వేసే చిత్రం లేదా రాత. ఇది మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వ్యాపించి, రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్లపై మిక్కిలి ప్రచారం పొందింది. విమానాలకు దాతల పేర్లు వ్రాయడం దీనికి దగ్గరి సంప్రదాయం. తెలుగునాటి చరిత్రకు ఈ రెండవదానితో సంబంధమున్నది.

ఉద్దేశం
ఒకే కర్మాగారంలో తయారైన విమానాలన్నీ చూడడానికి ఒకే తీరున ఉంటాయి. బొమ్మ, పేరు ఉంటే సిబ్బంది తమ విమానాన్ని సులభంగా గుర్తుపట్టేవారు. ప్రతి ప్రయాణంలోనూ మరణభయం ఉండేది కనుక ఆ బొమ్మను అదృష్టచిహ్నంగా కూడా భావించేవారు. పూర్తిచేసిన దాడులను లెక్కించుటకు, దాడికి ఒకటి చొప్పున చిన్న బాంబు బొమ్మలను వరుసగా వేసేవారు. "మెంఫిస్ బెల్" అనే బి-17 విమానం 1943లో ఇరవై ఐదు దాడులు పూర్తిచేసి ప్రసిద్ధి చెందింది. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు వేసిన విమానంపై వ్రాసిన "ఎనోలా గే" అన్న పేరు, దానిని నడిపిన పాల్ టిబెట్స్ తల్లిది.

హైదరాబాదు విమానాలు
మొదటి ప్రపంచయుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వైమానిక దళానికి డిహెచ్-9ఎ రకం బాంబర్లను కానుకగా ఇచ్చాడు. వీటిని పొందిన 110వ స్క్వాడ్రన్‌కు "హైదరాబాదు స్క్వాడ్రన్" అన్న పేరు వచ్చింది. ఇది 1918 సెప్టెంబరు నుండి ఫ్రాన్సు కేంద్రంగా జర్మనీ పట్టణాలపై దాడులు జరిపింది. ప్రతి విమానంపై అది నిజాం బహూకరించినదన్న వాక్యం, హైదరాబాదు పేరుతో ఒక వరుస సంఖ్య వ్రాయబడి ఉండేవి.

వీటిలో "హైదరాబాదు నం. 12ఎ", అనగా ఎఫ్1010 సంఖ్య గల విమానం, 1918 అక్టోబరు 5న జర్మనీ భూభాగంలో దిగవలసివచ్చింది. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. జర్మన్లు ఆ విమానాన్ని బెర్లిన్‌లో ప్రదర్శించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అది పోలండుకు తరలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానానికి బదులుగా బ్రిటన్‌కు చేరింది. ఇప్పుడది లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాదు పేరు ధరించింది. దాని చిహ్నం నిజాం తలపాగా. ఇది బాంబర్ దళం కాదు. బర్మా రంగంలో దీని స్పిట్‌ఫైర్ విమానాల పక్కభాగంపై దూకుతున్న నల్ల చిరుతపులి బొమ్మ ఉండేది.

మద్రాసు ప్రెసిడెన్సీ
హాలిఫాక్స్ బాంబర్లను మొట్టమొదట పొందిన 35వ స్క్వాడ్రన్ "మద్రాసు ప్రెసిడెన్సీ" పేరును ధరించింది. 1800లో నిజాం కంపెనీకి వదలిన దత్తమండలాలలో భాగమైన అనంతపురం సీమ, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు పాలనలోనే ఉన్నది. కాబట్టి జర్మనీ నగరాలపై ఎగిరిన ఆ దళం పేరులో వానకు ఎదురుచూసే ఈ కరువు సీమ కూడా ఇమిడి ఉన్నది.

ప్రాముఖ్యం
సిబ్బంది వేసుకున్న బొమ్మ వారి భయాన్ని, ధైర్యాన్ని, హాస్యాన్ని తెలుపుతుంది. దాత పేరు పాలకుల రాజభక్తిని చాటుతుంది. రెండింటిలోనూ కానరానివారు ఇద్దరున్నారు: దాత ఖజానాకు శిస్తు కట్టిన రైతు, బాంబు పడిన ఊరి నివాసి. ఈ రాతలను చరిత్ర ఆధారాలుగా చదివేటప్పుడు విద్యార్థులు ఈ విషయాన్ని గమనించవలసి ఉన్నది.