తాగునీటి పథకాలలో వేసవి శిక్షణ: చివరి కుళాయి వద్ద పరీక్ష

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో గ్రానైట్ శిలల నుండి భూగర్భ జలాలలోనికి ఫ్లోరైడ్ చేరుతున్నది. దీనివలన దంతాలు, ఎముకలు దెబ్బతింటాయి. నీటిని కాచినను ఇది తొలగదు. కావున రక్షిత మంచినీటి పథకాలలో వేసవి ఇంటర్న్‌షిప్ చేయు ఇంజనీరింగ్ విద్యార్థులు ముందుగా నేర్వవలసినది నీటి పరీక్ష. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970వ దశకంలో ప్రచారంలోకి తెచ్చిన ‘నల్లగొండ పద్ధతి’లో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిని తేరుస్తారు. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. లెక్క తప్పినచో నీటిలో అల్యూమినియం మిగిలిపోవును.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు అందడంతో బోరు నీటిపై ఆధారం తగ్గినది. అయినను పరీక్ష అవసరం తగ్గలేదు. చివరి కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలెను. ఆ నమూనాను విద్యార్థి స్వయంగా సేకరించుటే మేలు.