ప్రభుత్వ గృహ సముదాయాలలో ఇరుగుపొరుగు వివాదాలు – పరిష్కార మార్గాలు

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలం కొల్లూరులో 145 ఎకరాల విస్తీర్ణంలో నిర్మించిన 15,660 రెండు పడక గదుల ఇళ్ల సముదాయాన్ని 2023 జూన్ 22న ప్రారంభించారు. 117 బ్లాకులుగా ఉన్న ఈ సముదాయంలో ఒక్కొక్క ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. ఇటువంటి సముదాయాలలో లాటరీ ద్వారా ఇళ్లు పొంది, వేర్వేరు బస్తీల నుంచి వచ్చిన కుటుంబాలు ఒకే మెట్లను, ఒకే లిఫ్టును, ఒకే మురుగు గొట్టాన్ని పంచుకోవలసి ఉంటుంది. బస్తీలో వాకిట బట్టలు ఆరవేసుకునే అలవాటు ఇక్కడ కింది అంతస్తువారి బాల్కనీపై నీటి చుక్కలవుతుంది. పై ఇంటి స్నానపు గది నుంచి నీరు కారడం, అర్ధరాత్రి పాటల హోరు, వరండాలో చెత్త వంటివి చిన్న విషయాలుగానే మొదలై పోలీసు స్టేషన్ దాకా వెళ్తుంటాయి.

ఫిర్యాదు అందిన వెంటనే అధికారి తేల్చవలసినది, ఇబ్బంది ఒక్క ఇంటికా లేక పలువురికా అన్నది. పరిసరాలలో నివసించే ప్రజలకు సాధారణంగా హాని, ప్రమాదం లేదా చికాకు కలిగించే చర్యనే భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్‌గా నిర్వచించింది. పై ఇంటి నీరు కింది ఇంట్లోకి మాత్రమే కారుతుంటే అది ఆ రెండు కుటుంబాల మధ్య సివిల్ వివాదమే అవుతుంది. 292వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు శిక్ష 1,000 రూపాయల వరకు జరిమానా మాత్రమే. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దీనిని దర్యాప్తు చేయజాలరు. అంతమాత్రాన ఫిర్యాదుదారును తిప్పి పంపరాదు. సమాచారాన్ని నమోదు చేసుకుని, మేజిస్ట్రేటును ఆశ్రయించవలసిందిగా సూచించడం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం స్టేషన్ అధికారి విధి.

పలువురికి ఇబ్బంది కలుగుతున్నప్పుడు అదే సంహితలోని 152వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా ప్రత్యేకాధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు న్యూసెన్స్‌ను తొలగించవలసిందిగా షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఎదుటి పక్షానికి తన వాదన చెప్పుకునే అవకాశం తప్పనిసరి. 2024 జులై 1కి ముందు ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్‌గా ఉండేది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు కాలువలు, దుర్గంధంపై ఒక వీధివాసులు ఈ సెక్షన్ కిందనే మేజిస్ట్రేటును ఆశ్రయించగా, నిధులు లేవన్న మునిసిపాలిటీ వాదనను 1980లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పొంగుతున్న మురుగుకు కింది ఇల్లు పై ఇంటిని నిందిస్తున్న సందర్భాలలో, అసలు లోపం ఉమ్మడి గొట్టానిదో, నిర్వహణ సంస్థదో అయ్యే అవకాశాన్ని అధికారులు ముందుగా పరిశీలించవలసి ఉంటుంది.

శబ్దం విషయంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ప్రమాణాన్ని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటినప్పుడు ఫిర్యాదు చేయవచ్చు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఉన్న ఆంక్షలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు కనుక, రాత్రివేళ లౌడ్ స్పీకరు మోగుతున్నప్పుడు శబ్దాన్ని కొలిచే పరికరం లేదన్న సమాధానం నిలువదు. అయితే మిక్సీ చప్పుడును, పిల్లల పరుగులను ఈ నిబంధనల కిందికి తెచ్చి సాధించేది స్వల్పం.

రెండు ఇళ్ల మధ్య వివాదాలకు లోక్ అదాలత్ అనువైనది. కేసు దాఖలు చేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. నీటి సరఫరా, పారిశుద్ధ్య సేవల లోపాలపై శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. రాజీ కుదరని పక్షంలో అది స్వయంగా తీర్పు చెప్పగలదు. శాంతిభంగం జరుగుతుందని ఇరుపక్షాలను 126వ సెక్షన్ కింద బైండోవర్ చేయడం తరచుగా కనిపించే పద్ధతి. దానివల్ల కేకలు ఆగవచ్చు గాని, కారుతున్న గొట్టం బాగుపడదు.

‘ఇరుగుపొరుగు గొడవ’గా నమోదయ్యే, పత్రికలలో అదే శీర్షికన వెలువడే ఉదంతాలలో కొన్ని రాజీకి తగినవి కావు. పక్కింటి నుంచి రాత్రిపూట కేకలు వినిపిస్తున్నాయన్న ఫిర్యాదు వెనుక గృహహింస ఉండవచ్చు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 4వ సెక్షన్ ప్రకారం పొరుగువారు సైతం రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి వారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. అలాగే అందరూ చూస్తుండగా షెడ్యూల్డు కులాలు, తెగల వారిని ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం పరిధిలోకి వస్తుంది. చట్టప్రకారం రాజీకి వీలులేని నేరాలపై లోక్ అదాలత్‌కు అధికారం లేదు.

మహిళలు, బాలలు, దివ్యాంగులు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వివరాలకు న్యాయ సేవల టోల్ ఫ్రీ నంబరు 15100ను, ఆపదలో ఉన్న మహిళలు 181ని, అత్యవసర పరిస్థితులలో 112ను సంప్రదించవచ్చు.